మందుకు లొంగని రోగము – లెక్కకు ఎక్కని రోగి

ఋణశేషము, శత్రుశేషము, అగ్నిశేషము మిగల్చరాదని మన పెద్దల మాట. ఈ మూడింటి సరసన వ్యాధిశేషమును కూడా చేర్చవచ్చునని క్యాన్సర్ చరిత్ర చెప్పుచున్నది. మొదటి చికిత్సకు కణితి కరుగుతుంది. రోగి లేచి తిరుగుతాడు. ఇంటిల్లిపాది గండం గడిచినదని సంతోషిస్తారు. కొన్ని మాసాలకో, కొన్ని సంవత్సరాలకో వ్యాధి మరల తల ఎత్తుతుంది. ఈసారి నిన్నటి మందు పనిచేయదు. దీనినే వైద్యులు ఔషధ నిరోధకత అంటున్నారు. క్యాన్సర్ వలన సంభవించే మరణాలలో పెక్కింటికి ఈ లొంగని గుణమే మూలకారణం.

ఏ రోగికి ఏ మందు పనిచేయును, ఎవరిలో అది విఫలమగును అను విషయమును ముందుగానే తెలిసికొనుటకు నేడు ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు కంప్యూటర్లను వినియోగిస్తున్నారు. మెషీన్ లెర్నింగ్ అను ఈ పద్ధతిని గూర్చి పత్రికలలో గొప్ప ప్రచారం జరుగుచున్నది. ఆ ప్రచారంలో కొంత సత్యమున్నది. అయితే యంత్రం ఎంత చురుకైనదైనను తనకు చూపిన లెక్కలను మించి తెలిసికొనజాలదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల రోగి ఆ లెక్కలలో సరిగా చేరనంత వరకు ఈ విద్య ఫలం మన గడప తొక్కదు. ఆ రోగిని లెక్కకెక్కించు పనిలో మన వంటి చిన్న కళాశాలకు కూడా పాత్ర గలదని మా దృఢ విశ్వాసం.

ముందుగా నిరోధకత అనగానేమో మన పొలాల భాషలోనే చెప్పుకొందము. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో పత్తి విత్తనోత్పత్తి ఎరుగని ఇల్లు అరుదు. 2002లో మన దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి లభించింది. 2006లో రెండు విష జన్యువులు గల రెండవ రకం వచ్చింది. తొలి సంవత్సరాలలో కాయ తొలుచు పురుగు చచ్చింది. కాని కోట్ల పురుగులలో ఏ కొన్నింటికో ఆ విషాన్ని తట్టుకొను గుణం ఉండనే ఉండెను. మిగిలినవి చావగా అవి బ్రతికి పిల్లలను పెట్టాయి. 2010లో గుజరాతులో గులాబీ రంగు పురుగు మొదటి రకానికి లొంగుట లేదని వెల్లడైనది. తరువాత కొద్ది ఏండ్లకు రెండవ రకానిదీ అదే గతి అయినది. విత్తనాల సంచితో పాటు ఇచ్చిన బీటీ కాని విత్తనాలను చేని చుట్టూ నాటమని చెప్పిన మాటను అనేకులు పాటింపకపోవుట కూడా ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. కణితిలో జరుగునదియు ఇదే. కోట్ల కణాలలో కొన్ని మందును తట్టుకొనును. తక్కినవి నశించగా ఆ కొన్నింటి సంతానమే కణితిని తిరిగి నింపును.

క్యాన్సర్ మందుల కథ తెలుగువారికి పరాయిది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల ఫలితంగా ఫోలిక్ ఆమ్లానికి విరోధియైన అమినోప్టెరిన్ లభించింది. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్‌తో మరణించనున్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో గుణం కనిపించినదని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ వ్యాసం శీర్షిక ‘తాత్కాలిక’ అను అర్థం గల మాటతోనే ఆరంభమైనది. వ్యాధి మరల వచ్చెను. మందుల యుగం ఏ క్షణాన ఆరంభమైనదో నిరోధకత సమస్యయు ఆ క్షణాననే ఆరంభమైనదన్నమాట. సుబ్బారావుగారు అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

ఆ మందును కణం ఎట్లు తప్పించుకొనుచున్నదో తెలియుటకు మరి ముప్పది ఏండ్లు పట్టింది. మెథోట్రెక్సేట్ ఒక ఎంజైమును అడ్డగించును. నిరోధకత గల కణాలు ఆ ఎంజైమును తయారుచేయు జన్యువునకు అనేక ప్రతులు పెంచుకొన్నవని 1978లో అమెరికాలో రాబర్ట్ షిమ్కే బృందం కనుగొన్నది. పది కాపలాదారులను పంపితే ఇంటికి నూరు వాకిళ్ళు పెట్టుకొన్నట్లు. మరొక మార్గం కెనడాలో 1976లో బయటపడింది. కణం పొరపై ఉండు ఒక ప్రోటీను, లోనికి వచ్చిన మందును మోటతో నీరు తోడినట్లు బయటికి తోడివేయును. ఇంకొక మార్గం 2001లో తెలిసింది. ఆ ఏడే దీర్ఘకాలిక రక్త క్యాన్సర్‌కు ఇమాటినిబ్ అను మాత్ర అమెరికాలో ఆమోదం పొందింది. మందు వచ్చి కూర్చొను చోట ఒక్క చిన్న ఉత్పరివర్తనం జరిగిన చాలును, మాత్ర వ్యర్థమగునని అదే సంవత్సరం రోగుల రక్తంలోనే కనుగొన్నారు.

ఈ విధంగా దారులు పెక్కు. మనిషి జన్యువులు సుమారు ఇరువది వేలు. మందులు వందలు. ఏ జన్యువులో ఏ మార్పు ఏ మందును వమ్ము చేయునో మనిషి మనస్సు ఒక్కటే కూర్చొని తేల్చుకొనజాలదు. ఇచ్చటనే కంప్యూటర్ అక్కరకు వచ్చుచున్నది.

మెషీన్ లెర్నింగ్ అనగా యంత్రానికి సూత్రం చెప్పక, ఉదాహరణలు చూపి ఆ సూత్రాన్ని దానిచేతనే వెదికించుట. వనపర్తి మార్కెట్ యార్డులో అనుభవజ్ఞుడైన వ్యాపారి పిడికెడు వేరుశనగ కాయలను చేతిలోకి తీసుకొని, ఒలిచి చూచి, రాశి ఎట్టిదో చెప్పగలడు. ఆయనకు ఎవరూ సూత్రం నేర్పలేదు. వేల రాశులను చూచుటయే ఆయన చదువు. యంత్రం చదువు కూడా అట్టిదే. ఒక పెద్ద పట్టికను ఊహించుకొనుడు. ఒక్కొక్క వరుసలో ప్రయోగశాలలో పెంచిన ఒక్కొక్క క్యాన్సర్ కణ సంతతి. నిలువు గడులలో దాని జన్యువుల కొలతలు. చివరి గడిలో దాని పెరుగుదలను సగానికి తగ్గించుటకు ఎంత మందు కావలసి వచ్చినదో ఆ అంకె. ఇటువంటి పట్టికలు రెండు 2012 మార్చిలో ఒకే శాస్త్ర పత్రికలో వెలువడినవి. ఒకదానిలో 947 కణ సంతతులు, 24 మందులు. రెండవదానిలో 639 కణ సంతతులు, 130 మందులు. ఈ దత్తాంశాలు విద్యార్థులకు ఉచితంగా లభ్యమగుచున్నవి. గద్వాలలో కూర్చొన్న విద్యార్థి కూడా వానిని దింపుకొని చూడవచ్చును.

అయితే ఈ విద్యలో గోతులు ఉన్నవి. మొదటిది బట్టీ పట్టుట. వరుసలు వందలు, గడులు వేలు అయినపుడు ఏదో ఒక గడి సమాధానంతో కాకతాళీయంగా కలియుట సులభం. గైడు కంఠస్థం చేసిన విద్యార్థి అదే ప్రశ్న వచ్చిన మొదటి శ్రేణిలో ఉండును, ప్రశ్న మారిన తెల్లమొగం వేయును. యంత్రం గతి కూడా అంతే. అందువలన కొన్ని వరుసలను ముందే దాచి ఉంచి, నేర్చుట ముగిసిన తరువాత వానితోనే పరీక్షించుట నియమం.

రెండవది కొలతలలోని తేడా. పై రెండు పట్టికలకు ఉమ్మడిగా ఉన్న 471 కణ సంతతులను, 15 మందులను 2013లో కొందరు పరిశోధకులు పోల్చి చూచిరి. జన్యువుల కొలతలు చక్కగా కలిసినవి. మందు ప్రభావం కొలతలు మాత్రం ఆశించినంతగా కలియలేదు. పట్టికలను తయారుచేసినవారు 2015లో జవాబిచ్చుచు, లెక్కించు పద్ధతి సరిచేసిన చాల వరకు పొంతన కుదురునని చూపిరి. ఈ వాదంలో మనకు కావలసిన నీతి ఒక్కటే. ప్రపంచంలోని గొప్ప ప్రయోగశాలలే ఒకే కణానికి ఒకే మందు ఇచ్చి రెండు అంకెలు వ్రాయుచున్నపుడు, అంకె ఎట్లు పుట్టినదని అడుగక దానిని నమ్ముట శాస్త్రం కాదు.

మూడవది, మన ప్రాంతానికి సంబంధించినది, అందరూ ఒక్క తీరుగా ఉండరను సత్యం. ఈ పట్టికలకు మూలమైన కణాలను ఇచ్చినవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. వేరుశనగ ఎరిగిన వ్యాపారికి ఎన్నడూ చూడని పంట చేతిలో పెట్టిన ఏమగునో ఇచ్చటనూ అదే అగును. దీనికి దృష్టాంతం గలదు. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడు మెర్కాప్టోప్యూరిన్ అను మందును కొందరి శరీరం తట్టుకొనలేదు. ఐరోపా సంతతివారిలో దానికి కారణమైన జన్యువును ఎన్నడో గుర్తించిరి. కాని ఆసియావారిలో ఆ జన్యువు మార్పులు అరుదైనను మందు తట్టుకొనలేనివారు అనేకులు కనబడిరి. 2014లో కొరియా రోగులను పరిశీలించినపుడు మరొక జన్యువు, నడ్-15 అనునది, అసలు కారణమని తేలింది. ఆసియావారిని చూచినందువలననే ఆసియావారి కారణం దొరికింది. చూడని చోట ఏదియు దొరకదు.

ఇంతకంటె దగ్గరి దృష్టాంతం కూడా ఉన్నది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించుటకు ఇచ్చు ఒక మందు ప్రభావం సాధారణంగా కొద్ది నిమిషాలలో తీరిపోవును. మన వైశ్య సమాజంలో కొందరికి అది గంటల తరబడి నిలిచి ఊపిరికి ఇబ్బంది కలిగించును. ఆ మందును విరుచు ఎంజైము వారిలో లోపించుటకు కారణమైన ఉత్పరివర్తనాన్ని 2006లో ప్రకటించిరి. ముందుగా తెలిసిన వైద్యుడు మందు మార్చి ప్రమాదాన్ని తప్పించగలడు. ఇది క్యాన్సర్ విషయం కాకపోవచ్చును. కాని మన వీథిలోని మనుషుల శరీర ధర్మం మన వీథిలో వెదికిననే తెలియునని రుజువు చేయుచున్నది. పదివేల మంది భారతీయుల జన్యు వివరాలను సేకరించిన జీనోమ్ ఇండియా పథకం దత్తాంశాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినవి. ఇది హర్షణీయం. కాని అది సామాన్య ప్రజల జన్యువుల లెక్క. కణితుల లెక్క కాదు, మందు వాడిన తరువాత ఏమైనదను లెక్క అంతకన్న కాదు.

ఈ చివరి మాట వద్దనే మా వాదం సారమంతా ఉన్నది. మందు పనిచేయలేదు అని వ్రాయుట తేలిక. ఎందుకు పనిచేయలేదో వ్రాయుట కష్టం. 2010లో లండన్‌లో ఇమాటినిబ్ వాడుచున్న 87 మంది రోగుల మాత్రల సీసా మూతలలో చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి, సీసా ఎన్నిసార్లు తెరచినదీ మూడు మాసాలు గమనించిరి. మాత్రలలో నూటికి తొంబదికి మించి సక్రమంగా వేసుకొన్నవారిలో వ్యాధి గణనీయంగా అణగిపోవు అవకాశం ఆరేండ్లలో 94.5 శాతంగా తేలింది. అంతకు తక్కువ వేసుకొన్నవారిలో అది 28.4 శాతం మాత్రమే. అనగా నిరోధకతగా కనిపించినదానిలో కొంత భాగం జన్యువులో లేదు, సీసాలోనే మిగిలిపోయినది. లండన్ నగరంలోనే ఇట్లున్న, మన నల్లమల అంచు పల్లెలలో ఎట్లుండును?

ఆలోచించుడు. గద్వాల నుండి హైదరాబాదుకు నూట ఎనుబది కిలోమీటర్లకు పైగా దూరం. వనపర్తివారికి రైలు కావలెనన్న వనపర్తి రోడ్డు స్టేషనుకు పోవలెను. నాగర్‌కర్నూలువారికి బస్సే దిక్కు. రోగితో పాటు తోడు ఒకరు. ఇద్దరి కూలి పోవును, దారి ఖర్చు తోడగును. పైగా పాలమూరు జనం పని వెదుకుచు బొంబాయి, పూణె దాకా వలసపోవుట తరతరాల కథ. చికిత్స నడుమ వలసపోయిన కూలీ తరువాతి తేదీకి ఆసుపత్రికి రాడు. నెల రోజులు మాత్ర ఆగిపోవును. వ్యాధి పెరిగిన పిదప వచ్చినపుడు అతని కాగితంపై మందుకు లొంగలేదని పడును. మాత్ర ఆగిన నెల సంగతి ఆ కాగితంలో ఉండదు. ఇట్టి కాగితాలతో చదువుకొన్న యంత్రం పేదరికాన్ని జన్యుదోషమని నేర్చుకొనును. ఆ యంత్రం రేపు మరొక కూలీకి, పనిచేయదగిన చవక మందును కాదని, అందని ఖరీదైన మందును సూచించవచ్చును. లెక్కలో చిన్న తప్పు రోగి ఇంటిలో పొలం అమ్మకంగా పరిణమించును.

మన ప్రాంతంలో లెక్కలే లేవా అన్న, ఉన్నవి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలి విడతగా ఆరంభమైన మూడు జిల్లాలలో నాటి మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటి నుండి మన రోగుల వివరాలు కంప్యూటర్లకు ఎక్కుచునే ఉన్నవి. కాని చెల్లింపు నిమిత్తం వ్రాయు లెక్క వేరు, శాస్త్రం నిమిత్తం వ్రాయు లెక్క వేరు. ఇక దేశంలో క్యాన్సర్ నమోదు కార్యక్రమాన్ని భారత వైద్య పరిశోధనా మండలి 1981లో ఆరంభించినది. 2020లో వెలువడిన దాని నివేదికలో జనాభా ప్రాతిపదికపై నడచు 28 నమోదు కేంద్రాల లెక్కలున్నవి. తెలంగాణ నుండి అందులో చేరినది హైదరాబాదు జిల్లా. మన మూడు జిల్లాల ఊసు అందులో లేదు.

భాష అడ్డంకి మరొకటి. ఆసుపత్రి కాగితం ఆంగ్లంలో ఉండును. రోగి బాధ తెలుగులోనో దక్కనీ ఉర్దూలోనో ఉండును. మన అవ్వలు రాచపుండు అనిరి, ఉర్దూలో సర్తాన్ అనిరి. సర్తాన్ అన్న ఎండ్రకాయ, క్యాన్సర్ అన్న లాటిను మాటకును అర్థం అదే, మన కర్కటమును అదే. పేర్లు ఇట్లు కలిసినను, ఎన్ని దినాలు మాత్ర మానితివని రోగి భాషలో, బెదరించక, ఆదరంతో అడుగువారు లేక సత్యం బయటికి రాదు. స్త్రీల విషయంలో బిడియం కూడా తోడగును. ఈ రెండు భాషలు ఎరిగిన పిల్లలు మన కళాశాలలో ఉన్నారు. ఇది మన బలం.

తిండికి లేనివారికి జన్యువుల లెక్కలేల అని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. యంత్రం మందుకు బదులు కాదు, వైద్యునికి బదులు అసలే కాదు. ఇమాటినిబ్ అసలు బ్రాండు నెలకు లక్ష రూపాయలు దాటి ఉండగా, హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి సంస్థల మాత్ర అందులో పదవ వంతుకు లభించింది. పేటెంటు కోరిన విదేశీ సంస్థ వాదాన్ని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించుటతో ఆ చవక మాత్ర నిలిచింది. రోగిని కాపాడునది మొదట మందు ధర, తరువాతనే లెక్క. కాని చవక మాత్ర ఎవరికి చాలును, ఎవరికి మార్చవలెను అని తేల్చుటకు లెక్కయే ఆధారం. పేదవానికి తప్పు మందు కొను స్థోమత లేదు కనుక సరియైన లెక్క అవసరం అతనికే ఎక్కువ.

రోగి గుట్టు రట్టగునను భయం రెండవ ఆక్షేపణ. ఇది ఉపేక్షింపదగినది కాదు. పెండ్లి సంబంధాల దాకా పోవు విషయమిది. రోగి సమ్మతి లేక ఒక్క అక్షరం కూడా సేకరింపరాదు. 2023లో వైద్య పరిశోధనా మండలి ప్రకటించిన కృత్రిమ మేధ నీతి నియమాలు, అదే సంవత్సరం వచ్చిన వ్యక్తిగత దత్తాంశాల రక్షణ చట్టం ఈ మాటనే చెప్పుచున్నవి. కనుక విద్యార్థులు రోగుల వివరాలను తమ వద్ద చేర్చుకొనరాదు. రోగి లెక్క రోగి చేతిలోనే ఉండవలెను.

ఈ విషయాలన్నియు ఆలోచించి కళాశాల పాలక సంఘంవారికి మూడు విన్నపాలు చేయుచున్నాము. మొదటిది, తెలుగు, ఉర్దూ భాషలలో ఒక చిన్న రోగి పుస్తకం ముద్రింపించుట. అందులో తేదీ, మందు పేరు, వేసుకొన్న దినాలు, మానిన దినాలు, మానుటకు కారణం వ్రాయుటకు గడులుండిన చాలును. వైద్యుల సలహాతో దానిని తయారుచేయవలెను. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులలోను, 2024లో గద్వాలలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి కనుక సలహాకు దూరం పోనక్కరలేదు. రెండవది, మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు సంఖ్యాశాస్త్రం, కంప్యూటర్ కలిపి వారానికి ఒక సాయంకాలం తరగతి నడపుట. పైన చెప్పిన ఉచిత పట్టికలే అందుకు పాఠ్యపుస్తకాలు. మూడవది, శాస్త్ర వ్యాసరచన పోటీలు రెండు భాషలలోను జరుపుట. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్యను బోధించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో శాస్త్ర పరిభాషను కూర్చింది. ఆ వారసత్వం గలవారమై శాస్త్రం మన భాషలకు అందదనుట మనకు తగదు.

వీనికి పెద్ద నిధులు అక్కరలేదు. సంకల్పం కావలెను.

విద్యార్థి మిత్రులారా! 1955లో హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రి నెలకొన్నది. అది నేటికిని మెహదీ నవాజ్ జంగ్ పేరుతో నడచుచు, మన జిల్లాల పేదలకు ఆశ్రయమగుచున్నది. ఆ వాకిట నిలిచిన మన ఊరి రోగి సంచిలో సక్రమంగా వ్రాసిన ఒక చిన్న పుస్తకం ఉన్న, వైద్యునికి ఆ దినాననే మేలు. అట్టి పుస్తకాలు వేలుగా పెరిగి, సమ్మతితో శాస్త్రజ్ఞులకు అందిన, రేపటి యంత్రం మన మనుషులను కూడా ఎరిగి మాట్లాడును. తొలినాటి మందు వెనుక భీమవరం బిడ్డ శ్రమ ఉన్నది. ఆ మందు ఎవరిలో ఏల విఫలమగుచున్నదో తేల్చు లెక్క వెనుక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బిడ్డల శ్రమ ఉండవలెను. వచ్చే సంచిక వెలువడునాటికి ఆ పుస్తకం తొలి ప్రతి మన ఊరి రోగి చేతిలో ఉండునట్లు పాలక సంఘంవారు, అధ్యాపకులు, విద్యార్థులు అందరూ పూనుకొందురని మా ఆకాంక్ష.